రెండు ముగింపుల వేసవి

మేడ మీది గది, ప్రెస్సు వీధి
ఎండలు మొదలైన వారం

పిడుగూ,

ఈ వేసవి జాబితా సిద్ధం. ఆరు పుస్తకాలు. పోయిన ఏడాది పది పెట్టుకుంటే నువ్వు ఒకటిన్నర దగ్గర చతికిలబడ్డావు కనుక ఈసారి నీ మొహం చూసి ఆరుకి దించాను. ఆ అర పుస్తకం సంగతి నేనింకా మర్చిపోలేదు. అందులో అబ్బాయి ఓడ ఎక్కబోతుంటే మూసి పక్కన పడేశావు. పాపం ఏడాదిగా ఒక కాలు ఓడ మీదా ఒక కాలు గట్టు మీదా పెట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

పద్ధతి నీకు తెలిసిందే, అయినా నీకు తెలిసినవే మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఏ పుస్తకమైనా ఇద్దరికీ ఒక్క ప్రతే కొంటాం. ముందు నేను చదివి నీకు పోస్టులో పంపుతాను. నువ్వు వారంలో చదివి ఉత్తరం రాయాలి. వేసవి అయ్యేదాకా పుస్తకాలన్నీ నీ దగ్గరే ఉంటాయి. పుస్తకాల మాట ఫోన్లో ఎత్తకూడదు. ఫోన్లో అయితే నువ్వు "ఊఁ, బావుందక్కా" అని జారుకుంటావు. అన్నిటికన్నా ముఖ్యం అమ్మ పెట్టిన నియమం. సొంత కళ్ళతో చదవాలి. చిన్నప్పుడు నా చేత కథ చెప్పించుకుని, తానే చదివినట్టు అమ్మకి అప్పజెప్పబోయి దొరికిపోయిందెవరో నీకు గుర్తు చేయక్కర్లేదనుకుంటా.

అమ్మ పోయాక ఇది రెండో వేసవి. ఆఖరికి మనమెవరమో తెలియని స్థితిలో కూడా, ఎండ ముదరగానే "పుస్తకాలు తెచ్చారా?" అని అడిగేది. అందుకే ఎంత పనున్నా ఈ జాబితా మానబుద్ధి కాదు నాకు.

ప్రెస్సులో ఇవి బడి పుస్తకాల రోజులు. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ప్రూఫులు దిద్దుతూనే ఉంటాను. మామూలు నవల్లో తప్పు పడితే ఎవరో ఒకరు నవ్వుకుని వదిలేస్తారు. బడి పుస్తకంలో పడితే ఊళ్ళో పిల్లలంతా దాన్నే బట్టీ పట్టేస్తారు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని, ఇప్పటికీ ప్రతి వేసవీ గాభరాగానే ఉంటుంది.

మొదటి పుస్తకం పంపుతున్నాను. మన అలవాటు ప్రకారం దీన్ని తాళాల పుస్తకం అందాం. తాళాలు బాగుచేసే ఒక పెద్దమనిషి కథ. వారం గడువు, గుర్తుంచుకో.

నీ అక్క


ఆసుపత్రి లాండ్రీ, మడతల హాలు
భోజనాల వేళ

అక్కా,

నిలబడి ఉంటే కూర్చో. తాళాల పుస్తకం అయిపోయింది! వారం కూడా పట్టలేదు. ఏమంటావు ఇప్పుడు?

పని ఎప్పటిలాగే ఉంది. పైన ఆసుపత్రి, కింద మేము. పైవాళ్ళకి జ్వరాలు తగ్గుతాయో లేదో కానీ, వాళ్ళ దుప్పట్లు మాత్రం మా దగ్గర ఎప్పటికీ తగ్గవు. ఇద్దరం రెండు కొసలు పట్టుకోవడం, విదిలించడం, ఎదురుబొదురుగా నడవడం, మడవడం, మళ్ళీ వెనక్కి నడవడం. ఇలా నడిచిన దూరమంతా కలిపితే మీ ఊరికి వచ్చి వెళ్ళేదాన్ని. ఇప్పుడు వేడి మూలంగా మధ్యాహ్నం యంత్రాలు ఆపేస్తున్నారు. అప్పుడు మడతలు ఒక్కటే పని. హాలంతా నిశ్శబ్దం, మా రేడియో తప్ప. రేడియో అంటే పాటల పెట్టె అనుకునేవు. నా కింద పనిచేసే ఒకావిడ. పొద్దున నోరు తెరిచిందంటే మళ్ళీ సాయంత్రం గేటు దగ్గరే మూస్తుంది. మనిషి మంచిది.

పుస్తకం ఎంత బాగుందో! ఆయన ఆ పాడుపడిన ఇంటికి తాళంచెవి చేయడానికి పడ్డ పాట్లన్నీ ఒక ఎత్తు, ఆఖర్న తలుపు తీసేసరికి లోపల తప్పిపోయిన అన్న కనిపించడం ఒక ఎత్తు. ఆ అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకుంటుంటే నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

రెండోది పంపు. నా స్పీడు చూసి నువ్వే నోరు వెళ్ళబెట్టాలి. మీ మరిది కూడా ఆశ్చర్యపోతున్నాడు.

నీ చెల్లి


మేడ మీది గది, ప్రెస్సు వీధి

పిడుగూ,

ఏ అన్న? ఏ తలుపు?

ఆయన తలుపు తీయనే తీయడు కదే! తాళంచెవి చేసి, గడప దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగొచ్చి దాన్ని బావిలో పడేస్తాడు. పుస్తకం గొప్పదనమంతా ఆ పడేయడంలోనే ఉంది. ఆఖరి పేజీలు ఎగ్గొట్టి నీకు నచ్చినట్టు ముగించుకున్నావని నాకు అర్థమైంది. పోనీలే, ముక్కాలు వంతైనా చదివావు, అదే పదివేలు. ఈసారికి క్షమించాను.

రెండోది పంపుతున్నాను. దీపాల పుస్తకం. దీపాలు బాగుచేసే కొట్టు నడిపే తల్లి, పక్కనే ఉండి సాయం చేసే కూతురు. తల్లికి మెల్లమెల్లగా మతిమరుపు వస్తుంది. ముందే చెబుతున్నా, ఆఖరి అధ్యాయం చదివేటప్పుడు ఒంటరిగా ఉండకు. నేను ఒంటరిగా ఉన్నప్పుడు చదివి తప్పు చేశాను. కూతురు కొట్టు తెరిచి లోపలికి వస్తే తల్లి తలెత్తి చూసి, "ఎవరమ్మా నువ్వు, దీపం తీసుకెళ్ళడానికి వచ్చావా?" అంటుంది చూడు, అక్కడ పుస్తకం మూసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అమ్మే ఎదురుగా కూర్చుని అన్నట్టనిపించింది. నా బాధ నీకు తప్ప ఇంకెవరికి అర్థమవుతుంది?

చదివి రాయి. ఈసారి మొత్తం చదువు తల్లీ.

నీ అక్క


ఆసుపత్రి లాండ్రీ, మడతల హాలు

అక్కా,

నేనేమీ ఎగ్గొట్టలేదు. ఆయన తలుపు తీశాడు, అన్న ఉన్నాడు, పోయిందనుకున్న పిల్లి కూడా ఉంది. కావాలంటే ఒట్టు. నువ్వే పని తొందరలో ఏదో ఇంకో పుస్తకంతో కలిపేసుకుని ఉంటావు. నీ దగ్గర పగలంతా పేజీలే పేజీలు కదా.

దీపాల పుస్తకం కూడా అయిపోయింది. నువ్వు రాసిన ముక్క చదివి నేను బిక్కచచ్చిపోయాను. "ఎవరమ్మా నువ్వు" అని తల్లి అనడమేమిటి? అలా ఎక్కడా లేదక్కా. కూతురు లోపలికి రాగానే తల్లి వత్తి సరిచేస్తూనే, తలైనా ఎత్తకుండా, "ఇంత ఆలస్యమైందేమే, నీ కోసమే వెలిగించి కూర్చున్నా" అంటుంది. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టేస్తుంది! అది వినగానే మేమంతా ఏడ్చేశాం. నాకైతే గుండెల మీంచి బండ దించినట్టయింది. అమ్మ పోయాక ఇంత తేలికగా నేను ఊపిరి పీల్చుకుంది ఇప్పుడే.

నువ్వు అంత దుఃఖపడి రాశావంటే నాకేమీ పాలుపోవడం లేదు. ఒకే పుస్తకం కదా, నీ చేతి నుంచి నా చేతికి వచ్చిందే కదా. దారిలో పోస్టుమాన్ మార్చేశాడంటావా?

నీ చెల్లి


మేడ మీది గది, ప్రెస్సు వీధి

పిడుగూ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, లేవడం. "మేమంతా" అని ఎందుకు రాశావో కూడా అడగాలనిపించలేదు, మిగతాదంతా చదివాక.

ముందు ఇక్కడి సంగతి చెబుతాను. లెక్కల పుస్తకంలో జవాబుల పేజీ తారుమారైంది. ఒక అధ్యాయం జవాబులు ఇంకో అధ్యాయం కింద పడ్డాయి. నా చేతి మీదుగానే వెళ్ళింది. నా సంతకమే ఉంది. కట్టలు కట్టేశాక బైండింగు దగ్గర పట్టుకున్నారు. యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి నేను దిద్దిన పేజీలు మళ్ళీ చదవడానికి ఒక కొత్తతన్ని పెట్టాడు.

అలాంటప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నాకు ఆ ముగింపు స్పష్టంగా కళ్ళకి కట్టినట్టుంది. కుడివైపు పేజీ, పైనుంచి మూడో పేరా. కానీ అంత స్పష్టంగా ఉండడమే ఇప్పుడు భయమేస్తోంది. అమ్మ కూడా ఇంత గట్టిగానే చెప్పేది. ఒక కథ తల తెచ్చి ఇంకో కథ మొండేనికి అతికించి, "అలాగే ఉంది, నేను చదివాను" అని వాదించేది. మనం ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం. అప్పటికి అమ్మకి నాకన్నా మరీ ఎక్కువ వయసేమీ కాదు. అమ్మకి మొదలైంది అక్కడే.

అమ్మ నన్ను గుర్తుపట్టకుండానే పోయింది. ఆ గుబులుతో లేని మాటలు ఆ పేజీలో చదివేసుకున్నానా? తలుపు తీసినాయన్ని వెనక్కి తిప్పి బావి దగ్గరికి పంపింది కూడా నేనేనా? అదే నిజమైతే బల్ల మీద నేను రోజూ ఏం చదువుతున్నట్టు? ఏది దిద్దుతున్నట్టు?

పుస్తకం నీ దగ్గరే ఉంది. నాకు చూసుకోడానికి లేదు. ఆఖరి అధ్యాయం తెరిచి, నీ కళ్ళతో మళ్ళీ ఒకసారి చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు ఏది రాస్తే దాన్నే నమ్ముతాను. నాకు ఇప్పుడు నమ్మడానికి ఇంకెవరూ లేరు.

నీ అక్క


ఆసుపత్రి లాండ్రీ

అక్కా,

చూశాను. నేను చెప్పినట్టే ఉంది.

నువ్వు గాభరాపడకు. ఎండకి, పనికి, నిద్ర లేకపోవడానికి ఎవరికైనా బుర్ర తిరుగుతుంది. నాకూ అప్పుడప్పుడు తువ్వాళ్ళకీ దిండు గలీబులకీ తేడా తెలియదు. కాకపోతే ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే మంచిది కదా అని. తప్పుగా అనుకోకు. అమ్మ విషయంలో మనం "ఏముందిలే, మామూలు మతిమరుపే" అనుకుంటూ ఆలస్యం చేశాం. ఆ ఆలస్యం నీ విషయంలో చేస్తే నన్ను నేను క్షమించుకోలేను. మీ మరిది కూడా అదే అన్నాడు. నీ మాట ఎత్తితే చాలు, నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

టీ తగ్గించు. పెందరాళే పడుకో. ఏం జరిగినా నేనున్నాను.

నీ చెల్లి


మేడ మీది గది

చెల్లీ,

నువ్వు చూశావు కనుక సరే.

ఇవాళ పొద్దున యజమాని గదిలోకి వెళ్ళి, రేపటి నుంచి నేనిక రానని చెప్పాను. "ఆలోచించుకోండి" అన్నాడు కానీ గట్టిగా వద్దనలేదు. నా పెన్నులూ, బల్లకి బిగించిన దీపమూ కొత్తతనికి అప్పజెప్పాను. చేతులు ఖాళీగా వీధిలోకి వచ్చి ఎటు వెళ్ళాలో తెలియక, ఇంటికి వచ్చే దారే అయినా, కాసేపు నిలబడిపోయాను. నాకు ఈ పని తప్ప ఇంకేదీ చేతకాదని నీకు తెలుసు. ఒక కుటుంబం లేదు, ఒక సరదా లేదు. అక్షరం చూస్తే అది అదేనని చెప్పగలగడం, అంతే నా ఆస్తి.

వచ్చే వారం డాక్టరు దగ్గరికి వెళుతున్నాను.

మూడోది, వంతెన పుస్తకం, పంపుతున్నాను. చదివాను. కానీ అందులో ఏముందో నీకు రాయను. నేను రాసింది నువ్వు నమ్మకు కూడా. ఇకమీదట నువ్వే ముందు చదివి నాకు కథ రాసి పంపు, నేను విన్నట్టు అనుకుంటాను. అమ్మ నియమం తప్పుతున్నానని తెలుసు. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేనప్పుడు సొంత కళ్ళని ఏం చేసుకోను? జాబితా నీ వంతు పూర్తి చెయ్యి. నాది ఇంతే.

అక్క


ఆసుపత్రి లాండ్రీ, దుప్పట్ల బండ్ల వెనక
తొందరగా

అక్కా,

నీకేం కాలేదు. ముందు ఇది చదువు. నీకేం కాలేదు. నువ్వు చెప్పిందే నిజం. "ఎవరమ్మా నువ్వు, దీపం తీసుకెళ్ళడానికి వచ్చావా?" కుడివైపు పేజీ, పైనుంచి మూడో పేరా. తాళంచెవి బావిలోనే పడింది. అన్న లేడు. పిల్లి అసలే లేదు.

ఫోన్ చేశాను, నువ్వు తీయలేదు. ప్రెస్సుకి చేస్తే రాలేదన్నారు. అందుకే ఈ ఉత్తరంతో పాటు ఆ పుస్తకం కూడా పంపుతున్నాను. నన్ను నమ్మకపోయినా పేజీని నమ్ము.

నేను చదవలేదక్కా. ఒక్కటీ చదవలేదు. ఇంటికెళ్ళి పుస్తకం తెరిస్తే రెండో పేరా దాటకముందే నిద్ర ముంచుకొస్తోంది. మళ్ళీ ఒకటిన్నర దగ్గర ఆగిపోతే నీ ముందు తలెత్తుకోలేనని, పుస్తకం రేడియోకి ఇచ్చాను. మధ్యాహ్నం మేము మడుస్తుంటే తను పైకి చదివేది. అందరం వినేవాళ్ళం. విన్నదాన్నే చదివానని నీకు రాశాను. పేజీ చూడమని నువ్వు బతిమాలినప్పుడు, పుస్తకం రేడియో సంచిలో ఉంది. "ఆఖర్న తల్లి గుర్తుపట్టింది కదా?" అని హాల్లో అడిగాను. "పట్టింది" అంది రేడియో. పట్టిందని మాలో అందరికన్నా పెద్దావిడ, మేం బామ్మ అని పిలిచే ఆవిడా చెప్పింది, అందరూ చెప్పారు. ఇంతమంది చెబుతుంటే ఇంక చూసేదేముందని "చూశాను" అని రాసేశాను. ఆ ఒక్క ముక్కతో నీ ఉద్యోగం పోతుందని, నువ్వు వీధిలో నిలబడిపోతావని నాకు తట్టనేలేదు.

నీ ఉత్తరం చూడగానే పని వదిలేశాను. తిన్నగా రేడియో దగ్గరికి వెళ్ళి పుస్తకం తీసుకుని, అక్కడే బండ్ల మధ్య నిలబడి ఆఖరి అధ్యాయం చదివాను. చదివి, "ఇందులో నువ్వు చదివింది లేదే!" అన్నాను.

"లేదు" అంది.

"మరి లేనిది ఎందుకు చదివావు?"

"ఏం చెయ్యమంటావు? ఆ పేజీకి వచ్చి తలెత్తి చూశాను. నువ్వు దుప్పటి కొస పట్టుకుని మడవడం మానేసి నిలబడ్డావు. అవతలి కొస బామ్మ లాగుతున్నా నీకు తెలియట్లేదు. మీ అమ్మగారి సంగతి నువ్వే చెప్పావు కదా ఒకప్పుడు. అక్కడున్నది నీకు వినిపించబుద్ధి కాలేదు. ఏదో ఒకటి అనాలి కదా, అనేశాను."

"మరి తాళాలాయన?"

"ఆ రోజు వీళ్ళంతా తలుపు తీయిస్తావా లేదా అని నా మీద పడ్డారు. తీయించాను. పిల్లి బామ్మ అడిగింది."

"నేను నిలబెట్టి అడిగినప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా!"

"అందరి ముందూ అడిగావు. ఒకసారి అన్నాక దాన్ని పోషించాలి కదమ్మా. అది నీ దాకానే అనుకున్నాను. మీ అక్క దాకా వెళుతుందని నాకేం తెలుసు?"

ఆవిడ మీద అరవాలని నోరు తెరిచాను, అరవలేకపోయాను. నా కోసం చేసింది. నేను నీకు చేసింది మాత్రం నా కోసమే చేసుకున్నాను. అక్కా, నువ్వు ప్రెస్సుకి వెళ్ళు. ఇవాళే వెళ్ళు. కావాలంటే ఈ ఉత్తరం మీ యజమానికి చూపించు, నా పరువు పోతే పోనీ.

వంతెన పుస్తకం నేనే మొదలుపెట్టాను. నిద్ర వస్తే నిలబడి చదువుతున్నాను.

నీ చెల్లి


మేడ మీది గది, ప్రెస్సు వీధి

పిడుగూ,

అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలవాటు కొద్దీ రాశాను.

నీ ఉత్తరం వచ్చే ముందు రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. వారాల పేర్లు వెనక నుంచి ముందుకి చెప్పించాడు. ఒక ఇల్లు బొమ్మ గీయించాడు. నేను కిటికీలతో సహా గీశాను. ఆఖర్న, "మీకేమీ లేదమ్మా, కళ్ళద్దాలు మార్చండి, నిద్రపోండి" అని పంపించాడు. నేను నమ్మలేదు. చదువుకున్న డాక్టరు బాగానే ఉందంటే నమ్మలేదు, ఎందుకంటే నా చెల్లెలు సొంత కళ్ళతో చూశానంది. ఆ రాత్రి నా పేరూ, మన పాత ఇంటి నంబరూ, అమ్మ పుట్టినరోజూ పైకి చెప్పుకుంటూ కూర్చున్నాను. అవన్నీ సరిగ్గానే చెప్పాను. సరిగ్గా చెప్పానని తేల్చేవాళ్ళెవరూ పక్కన లేక ఇంకా హడలిపోయాను.

మర్నాడు నువ్వు పంపిన పేజీ చూశాను. మూడో పేరా. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అంత కోపంలోనూ నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియదు.

ప్రెస్సుకి వెళ్ళాను. నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు, అంత దిగజారలేదు. నా కుర్చీలో కొత్తతను కూర్చుని ఉన్నాడు. యజమాని, "మీరే కదమ్మా వద్దన్నది" అని గొణిగి, కాసేపటికి అదే బల్లకి ఇంకో కుర్చీ వేయించాడు. ఇప్పుడు ఒకే దీపం కింద ఇద్దరం దిద్దుతున్నాం. అతను చదివేటప్పుడు సన్నగా ఈల వేస్తాడు. భరిస్తున్నాను. జవాబుల పేజీ తప్పు మాత్రం నాదే. దానికి నువ్వూ కారణం కాదు, నీ రేడియో కూడా కాదు.

నా బుర్ర నాకు తిరిగి వచ్చింది. నీ "చూశాను" మాత్రం ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో నాకూ తెలియదు.

సెలవు అడిగాను. నాలుగో పుస్తకం నేనే పట్టుకుని వస్తున్నాను, గడియారాల పుస్తకం. మీ హాల్లో మీ అందరికీ నేనే చదువుతాను. అచ్చులో ఉన్నది ఉన్నట్టు. ఒక్క కామా మింగను. ఎవరైనా ఏడిస్తే ఏడవనీ, పుస్తకాలు అందుకేగా ఉన్నది. నీ రేడియోని ముందు వరసలో కూర్చోబెట్టు. చదవడమంటే ఏమిటో ఆవిడకి తెలియాలి.

అక్క


ఆసుపత్రి లాండ్రీ, మడతల హాలు

అక్కా,

క్షేమంగా చేరానని ఫోన్లో ఒక్క ముక్క చెప్పి పెట్టేశావు. పుస్తకాల మాట ఫోన్లో ఎత్తకూడదు కనుక నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను.

నువ్వు వెళ్ళినప్పటి నుంచి హాలు బోసిపోయింది. మొదటి రోజు అందరూ నిన్ను చూసి బెదిరిపోయారు. "ప్రశ్నలు ఆఖర్న" అని నువ్వు కళ్ళద్దాల మీంచి చూసేసరికి బామ్మ దగ్గు కూడా ఆపుకుంది. మూడో రోజుకి వాళ్ళే నీకు కుర్చీ తుడిచిపెట్టారు. "మీ అక్క చదివితే అచ్చంగా పుస్తకమే మాట్లాడినట్టుంది. నాలా వంకరలు లేవు" అంది రేడియో. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

ఆఖరి మధ్యాహ్నం టీ దగ్గర బామ్మ నీకు చెప్పింది కదా, రేడియో మొగుణ్ణి పైన మూడో అంతస్తులో చేర్చారనీ, తెల్లారితే ఆపరేషన్ అనీ. అప్పటికే పుస్తకంలో గడియారాలాయన కూడా ఆపరేషన్‌కి వెళ్ళాడు. చేతి గడియారం విప్పి భార్యకిచ్చి లోపలికి వెళ్ళాడు. నువ్వు తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నావు. నేను నీ వైపు చూడలేదు, రేడియో వైపు చూశాను. దుప్పటి ఒళ్ళో వేసుకుని, మడవకుండా, నీ నోటి వంకే చూస్తోంది.

నువ్వు పేజీ తిప్పి ఆగావు. కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నావు. ఆ తర్వాత ఆయన గదిలోంచి బయటికి వచ్చాడనీ, భార్య చేతిలో గడియారం చూసి, "ఐదు నిమిషాలు వెనకబడింది. కీ ఇవ్వడం కూడా చేతకాదా నీకు?" అన్నాడనీ చదివావు. హాలంతా గొల్లుమంది. రేడియో అందరికన్నా గట్టిగా నవ్వి, నవ్వుతూ నవ్వుతూ దుప్పట్లో మొహం దాచుకుంది.

పుస్తకం నాకు వదిలి వెళ్ళావు. నిన్న తీసి చూశాను. ఈసారి నిజంగా చూశాను అక్కా. ఒకసారి కాదు, నమ్మలేక మళ్ళీ మళ్ళీ చూశాను. అందులో ఆయన తిరిగి రాడు. ఆవిడ గడియారం చెవి దగ్గర పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. అంతే. తర్వాత ఖాళీ పేజీ.

నాకేమీ అర్థం కావడం లేదు. కామా కూడా మింగనన్నదానివి నువ్వే కదా? నిన్ను అడగడానికి నాకు హక్కుందా లేదా, అదీ తెలియడం లేదు.

రేడియో మొగుడికి ఆపరేషన్ అయింది. ఇంకా స్పృహ పూర్తిగా రాలేదు, ఇప్పుడే ఏమీ చెప్పలేమంటున్నారు. విరామం దొరికితే చాలు ఆవిడ పైకి పరిగెత్తి, ఆయన పక్కన కూర్చుని గడియారాలాయన కథ చెబుతోందట. ఇవాళ కిందికి వచ్చి నన్ను అడిగింది. "పుస్తకం నీ దగ్గరే ఉంది కదా, ఒకసారి చూసి చెప్పు. ఆఖర్న నిజంగా అలాగే ఉందా? నేనైతే మార్చేదాన్ని. మీ అక్క మార్చదు కదా?"

రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఉన్నది చెబితే ఆవిడ ఏమైపోతుందో. లేదు, అలాగే ఉంది, చూశాను అంటే, మళ్ళీ అదే మాట. ఆ మాట ఇంకెప్పుడూ అనకూడదని నీ ఉత్తరం చదివిన రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఏం చెప్పమంటావు?

నీ చెల్లి


మేడ మీది గది, ప్రెస్సు వీధి

పిడుగూ,

గడియారాల పుస్తకం ఆఖరి పేజీలో ఉన్నది అచ్చుతప్పు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ప్రెస్సుల్లో జరుగుతుంటాయి. నేను దిద్దాను. ఆవిడతో అలాగే చెప్పు.

నీ అక్క